తాండా అంటే నడిచేది

 

యాడీలకు, బాపులకు, నాయక్‌లకు, కార్బారీలకు, వెనక వరుసల్లో నిలబడి ఫోన్లు చూసుకుంటున్న మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్కారం. ఫోన్లు చూసుకోండి, ఫరవాలేదు. చెవులు మాత్రం ఇటు పెట్టండి.

"దేశదేశాలు తిరిగితే మనిషి ఏం నేర్చుకుంటాడు, పిల్లలకు నాలుగు మాటలు చెప్పండి" అని సంఘం పెద్దలు అడిగారు. ఈ మాటలు ఒక్కరివి కావు. తాండాల నుంచి చదువుకో, కొలువుకో, కూలికో బయటికి పోయి వచ్చిన మాలాంటి కొందరం కూర్చుని మాట్లాడుకుని రాసుకున్నవి. అందుకే "మేము" అనే చెబుతాం.

మాది చిలుకూరు దగ్గర అని బయట చెబితే ముందు వచ్చే ప్రశ్న మీ అందరికీ తెలిసిందే. "వీసా బాలాజీ గుడి ఉన్న చిలుకూరా?" అని. ఆ చిలుకూరు హైదరాబాద్ పక్కన, ఉస్మాన్‌సాగర్ దగ్గర ఉంది. వీసా కోసం 11 ప్రదక్షిణలు, పని అయ్యాక 108 ప్రదక్షిణలు అక్కడ. మనది కోదాడ పక్కన, సాగర్ ఎడమ కాలువ నీళ్లు పారే చిలుకూరు. ఇక్కడ వీసా గుడి లేదు. కానీ వీసా అనే మాట పుట్టకముందే దేశం తిరిగిన జాతి ఈ చుట్టుపక్కల తాండాల్లో ఉంది. అది మనమే.

ఇవాళ తాండా అంటే మీకు గుర్తొచ్చేది ఒక ఊరు. బస్సు ఆగే చోటు, బోరింగు, బడి, 2018 చట్టం తర్వాత చాలా చోట్ల సొంత గ్రామ పంచాయతీ. మన ముత్తాతల నోట మాత్రం తాండా అంటే కదిలే గుంపు. ఎద్దులు, వాటి వీపు మీద గోనెలు, ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అంతా కలిసి నడిచే బిడారు. 1632లో పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆగ్రా నుంచి పాట్నా పోతూ దారిలో మనవాళ్ల గుంపును చూశాడు. 14,000 ఎద్దులు, అన్నిటి మీదా ధాన్యం. తన పుస్తకంలో "తాండా" అనే మాటనే రాసుకున్నాడు. మూడున్నర వందల ఏళ్లు దాటినా ఆ మాట మన నోట్లో అట్లాగే ఉంది, అర్థమే మారింది.

అదే శతాబ్దంలో వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియే కూడా రాశాడు. పది పన్నెండు వేల ఎద్దుల బిడారు ఎదురైతే, ఇరుకు దారిలో బండ్ల మీద పోయేవాళ్లు అదంతా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. ఇప్పుడు కోదాడ దగ్గర హైవే మీద లారీలు ఆగితేనే మనం హారన్ కొట్టి చంపుతాం. ఆ రోజుల్లో దొరలూ సిపాయిలూ మన ఎద్దుల కోసం దారి పక్కన నిలబడ్డారు.

అట్లా ఎందుకు నిలబడ్డారు? ఇది మీరు పట్టుకోవాల్సిన సంగతి. మనవాళ్లు మోసేది అవతలి వాళ్లకు కావలసిన సరుకు. సముద్రం దూరంగా ఉన్న ఊళ్లకు ఉప్పు కావాలి. దండు దిగిన చోట సైన్యానికి తిండి కావాలి. ఒక్కొక్క వర్గం ఒక్కొక్క సరుకే మోసేదని టావెర్నియే రాశాడు. ఒకరు గోధుమ, ఒకరు బియ్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు. అంటే తెలిసిన పని పట్టుకుని పోవడం, అవతలి ఊరికి ఏం తక్కువో ముందే తెలుసుకుని పోవడం. ఇవాళ ఒక పిల్లవాడు "ఎక్కడికైనా పోతే చాలు అన్నా, ఏ పనైనా చేస్తా" అంటే మాకు భయం వేసేది ఇందుకే. ఏ పనైనా చేస్తానన్నవాడికి ఎవరూ దారి వదలరు.

ఇంకో సంగతి, వేగం. ముండీ చూసిన తాండా రోజుకు ఆరేడు మైళ్ల కంటే ఎక్కువ నడవదు. అంటే పది పన్నెండు కిలోమీటర్లు. ఎద్దు మేస్తూ నడవాలి, సాయంత్రానికి నీళ్లున్న చోటు చేరాలి, పిల్లలు నిద్రపోవాలి. ఎద్దు చస్తే బరువు ఎవరు మోస్తారు? అందుకని వాళ్లు తొందరపడలేదు. తొందరపడకుండానే దేశం ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయారు.

ఆ బతుకు ఎట్లా పోయిందో కూడా చెప్పుకోవాలి. రైలు వచ్చింది, మెటల్ రోడ్లు పడ్డాయి, ఎద్దు వీపు మీది సరుకుకు గిరాకీ పోయింది. దాని మీద 1871లో బ్రిటిషు వాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. ఇల్లు వాకిలి లేకుండా తిరిగేవాడు దొంగ అయి ఉంటాడన్న అనుమానం ఆ చట్టానికి మూలం. చాలా ప్రాంతాల్లో మన జాతి పేరు కూడా ఆ పట్టీల్లోకి ఎక్కింది. నిన్నటిదాకా సైన్యానికి అన్నం పెట్టినవాడు పోలీసు ఠాణాకు పోయి హాజరు వేయించుకోవాల్సి వచ్చింది. 1952లో గానీ ఆ చట్టం మచ్చ తొలగలేదు. తెలంగాణలో మనకు షెడ్యూల్డ్ తెగల గుర్తింపు 1976 చట్టంతో వచ్చింది. మన తాతలు ఎద్దులను నాగలికి కట్టి ఒక చోట కూర్చున్నారంటే అది సుఖం చూసుకుని కూర్చోవడం కాదు. దారులు మూసుకుపోయి కూర్చున్నారు. కాబట్టి "మన తాండా వాళ్లకు బయటి లోకం ఏం తెలుసు" అని ఎవరైనా అంటే, మీలో మీరే అనుకున్నా సరే, అది చరిత్ర తెలియని మాట.

మూసుకున్న ఆ దారి మళ్లీ తెరుచుకున్న ఒక సంగతి చెబుతాం. మాలావత్ పూర్ణ. పేరు మీకందరికీ తెలుసు, సినిమా కూడా చూసి ఉంటారు. నిజామాబాద్ జిల్లా సిరికొండ మండలం పాకాల. వ్యవసాయ కూలీల ఇంటి బిడ్డ. తాడ్వాయి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి వయసు 13 ఏళ్ల 11 నెలలు. ప్రపంచంలో అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల లేదు. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా పిల్లవాడు సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎక్కాడు.

పత్రికలు ఆ ఒక్క రోజునే రాశాయి. మేము మీకు చెప్పదలచుకున్నది దాని ముందూ వెనకా. ముందు భువనగిరి గుట్ట. మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలోదే, హైదరాబాద్ పోయేటప్పుడు రైల్లోంచి కనబడే ఆ బండ. కోచ్ శేఖర్ బాబు అక్కడ పిల్లలతో తాడు పట్టించాడు. తర్వాత డార్జిలింగ్, తర్వాత చలికాలంలో లడఖ్. ఒక్కొక్క మెట్టు దగ్గర కొందరు ఆగిపోయారు, చివరికి మిగిలింది ఇద్దరు. గురుకులాల కార్యదర్శిగా ఉన్న ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ వెనక నిలబడ్డాడు. నేపాల్ వైపు నుంచి 16 ఏళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు గనుక టిబెట్ వైపు నుంచి పోయారు. ఆ ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు, ఎక్కువగా షెర్పాలు, చనిపోయారు. కొండ అవతలి పక్కన ఉన్న ఈ పిల్లలకూ ఆ కబురు తెలుసు. అయినా ముందుకే పోయారు.

అంత పెద్ద కొండను నేరుగా ఎక్కరు. పై శిబిరం దాకా పోతారు, కిందికి దిగి పడుకుంటారు, మళ్లీ ఇంకాస్త పైకి పోతారు. పలచని గాలికి రక్తం అలవాటు పడాలి. తొందరపడితే తలనొప్పితో మొదలై ఊపిరితిత్తుల్లో నీరు చేరి మనిషి చస్తాడు. అందుకే ఆ ప్రయాణం దాదాపు రెండు నెలలు పట్టింది. మేము ఇది చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది రోజుకు ఆరేడు మైళ్లు నడిచిన ఆ తాండాలే.

ఇక దాని తర్వాత. చాలామంది ఎవరెస్టుతో కథ అయిపోయిందనుకుంటారు. పూర్ణ 2016లో ఆఫ్రికాలో కిలిమంజారో, 2017లో రష్యాలో ఎల్‌బ్రస్ ఎక్కింది. 2019లో దక్షిణ అమెరికాలో అకంకాగువా, ఇండోనేసియా పపువాలో కార్‌స్టెన్జ్, ఆ ఏడాది చివర్లో అంటార్కిటికాలో విన్సన్ ఎక్కింది. తర్వాత కరోనా వచ్చి లోకమంతా తలుపులు వేసుకుంది. చివరిది, అలాస్కాలో డెనాలీ, 2022 జూన్‌లో అయింది. ఏడు ఖండాల్లో ఏడు ఎత్తైన కొండలకు ఎనిమిదేళ్లు. మధ్యలో చదువు ఆపలేదు, అమెరికాలో మినెసోటాలో కొంతకాలం చదివి వచ్చింది కూడా. పదమూడేళ్లకే లోకమంతా పొగిడిన పిల్ల, ఆ పొగడ్త దగ్గరే ఆగిపోకుండా ఎనిమిదేళ్లు ఒక పనిని పట్టుకుని ఉండటం మాకు ఎవరెస్టు కంటే ఎత్తుగా కనబడుతుంది. మీకు వేరేగా అనిపిస్తే సాయంత్రం భోజనాల దగ్గర వాదించుకుందాం.

ఒక్క మాట ఆడపిల్లల తల్లిదండ్రులకు. పదో తరగతి అయ్యిందో లేదో పెళ్లి మాటలు మొదలుపెట్టే ఇళ్లు మన తాండాల్లో ఇంకా ఉన్నాయి. పూర్ణ ఇంట్లో కూడా తొమ్మిదో తరగతి పిల్లను మంచు కొండకు పంపడం తేలిక అయి ఉండదు. పంపారు. అంతకు మించి మేము చెప్పం.

మన సభల్లో ఈ మధ్య ఒక మాట ఎక్కువగా వినబడుతోంది. యూరప్‌లో ఉన్న రోమా జనం మన బంజారాలే, మనమూ వాళ్లూ ఒకటే అని. వినడానికి బాగుంటుంది. తెలిసినంత వరకే చెప్పుకుందాం. రోమా వాళ్ల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ల కింద భారతదేశం నుంచి పోయారు, వాళ్ల భాష మన ఉత్తరాది భాషల కుటుంబంలోదే. ఈ రెంటి మీదా పండితులకు అనుమానం లేదు. వాళ్లు నీళ్లను "పానీ" అంటారు, మనమూ పానీ అంటాం. ఒకటి రెండు అయిదు లెక్క పెడితే "యెక్, దుయ్, పాంజ్" అంటారు. అయితే వాళ్లు పోయినప్పుడు మనం మనంగా ఉన్నామా, వాళ్లదీ మనదీ ఒకే గుంపా అన్నది వేరే ప్రశ్న, దానికి రుజువు లేదు. రుజువు లేని చుట్టరికం మనకు అక్కర్లేదు. కానీ వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది ఒకటి ఉంది. వెయ్యేళ్లుగా పదుల దేశాల్లో చెల్లాచెదురై, హిట్లర్ కాలంలో లక్షల్లో చంపబడి కూడా చాలామంది ఇంట్లో తమ భాష వదల్లేదు. 1971లో లండన్ దగ్గర మొదటి ప్రపంచ సభ పెట్టుకుని, జెండా మీద చక్రం వేసుకున్నారు. ఆ సభ జరిగిన ఏప్రిల్ 8ని ఇప్పుడు వాళ్ల దినంగా జరుపుకుంటారు.

మనం? కోదాడలో ఇల్లు అద్దెకు తీసుకోగానే పిల్లలతో గోర్ బోలి మానేస్తున్నాం. హైదరాబాద్ హాస్టల్లో యాడి ఫోన్ చేస్తే పక్కవాళ్లు వింటారని తెలుగులో జవాబు ఇస్తున్న పిల్లలున్నారు. పరాయి దేశం పోయినవాళ్లం మేము చూసిందేమిటంటే, అక్కడ ఎవరూ నీ భాష విని నవ్వరు. మలయాళీలు మలయాళంలో, ఫిలిప్పీన్స్ వాళ్లు తగలోగ్‌లో గట్టిగా మాట్లాడుకుంటారు. సిగ్గు మనం ఇక్కడి నుంచి మోసుకుపోయిన సరుకే.

ఇప్పుడు పనికొచ్చే మాటలు, కాగితం మీద రాసుకోండి. గల్ఫ్ పోవాలనుకునేవాళ్లు ముందు పదో తరగతి పాసవండి. పాసైతే పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ ముద్ర ఉండదు. లేకపోతే గల్ఫ్ దేశాల ఉద్యోగాలకు ప్రభుత్వ అనుమతి తీసుకునే పోవాలి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. చట్టం ప్రకారం అతను తీసుకోదగ్గ సేవా రుసుం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్‌టీ. అంతకు మించి అడిగితే లేచి వచ్చేయండి. "ముందు విజిట్ వీసా మీద పో, అక్కడ మార్చుకుందాం" అనే మాటను నమ్మి ఎకరం అమ్ముకుని, అక్కడ పాస్‌పోర్టు యజమాని చేతిలో పెట్టి, చివరికి అవుట్‌పాస్ మీద ఒట్టి చేతులతో వచ్చినవాళ్లను మేము ఎదురుపోయి తీసుకొచ్చాం. కష్టంలో ఉంటే ఇంటి నుంచే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు.

చదువుకు పోయేవాళ్లకు రెండు దారులు. కేంద్ర గిరిజన శాఖ వాళ్ల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్, ఎస్టీలకు ఏడాదికి దేశం మొత్తం మీద 20 మాత్రమే. మన రాష్ట్రం అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి, 20 లక్షల రూపాయల దాకా. రెండింటికీ ఆదాయ పరిమితి, మార్కుల నిబంధన ఉంటాయి. డిగ్రీ చివరి ఏడాదిలోనే సర్టిఫికెట్లు సిద్ధం చేసుకోండి. ఒక్కరే పోవద్దు. అంటే విమానం అందరూ కలిసి ఎక్కమని కాదు. పోయే ఊళ్లో ముందే ఉన్న మనవాళ్ల నంబరు రాసుకుని, చేరాక వెనక వచ్చేవాళ్లకు మీ నంబరు ఇవ్వండి.

మీకు ఒక పని పెట్టి ఆపేస్తాం. ఎనభై దాటిన ముసలివాళ్లు మన తాండాల్లో ఇంకా కొందరున్నారు. తమ తాతలు ఎక్కడ దిగేవాళ్లో, ఏ వాగు దగ్గర ఎద్దులకు నీళ్లు తాపేవాళ్లో, ఉప్పు ఏ రేవు నుంచి తెచ్చేవాళ్లో విన్నవాళ్లు వాళ్లే. తీజ్ బుట్టల్లో గోధుమలు చల్లే రోజుకు ముందే, ఒక్కొక్కరు ఒక్కొక్క దాది దగ్గర, దాదా దగ్గర కూర్చుని ఆ ఊళ్ల పేర్లు ఫోన్‌లో రికార్డు చేయండి. గోర్ బోలిలోనే అడగండి, గోర్ బోలిలోనే చెప్పనివ్వండి. అవన్నీ కలిపి ఒక దారుల పటం గీయాలని సంఘం అనుకుంటోంది. పటం గీయడం వచ్చినవాళ్లు, కంప్యూటర్ తెలిసినవాళ్లు భోజనాలయ్యాక ఈ వేదిక దగ్గరికే రండి.