గోన గన్నారెడ్డి - ఒక ఇష్టం, ఒక పేచీ

ఒమన్‌లోని సూర్ నుంచి మాట్లాడుతున్నాను. ఈ వారం అడివి బాపిరాజు గారి "గోన గన్నారెడ్డి" నవల గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. ఈ నవలంటే నాకు చాలా ఇష్టం. కానీ అందులో మనుషులు మారే తీరుతోనే నాకు కొంత పేచీ ఉంది.

2015లో వచ్చిన "రుద్రమదేవి" సినిమా పుణ్యమా అని మన పిల్లల్లో చాలామందికి గన్నారెడ్డి పేరు తెలుసు. బాపిరాజు గారు ఈ నవల రాసింది 1940లలో. కాకతీయ గణపతిదేవుడికి కొడుకుల్లేరు. మగ దుస్తుల్లో, రుద్రదేవుడన్న పేరుతో పెరిగిన కూతురు రుద్రమ రాజ్యానికి రాబోతోంది. ఆడది ఏలడమేమిటని కొందరు సామంతులు కుట్రలు పన్నుతుంటారు. అలాంటి సమయంలో గజదొంగగా పేరుపడ్డ గన్నారెడ్డి, ఆదవోనిలో పెళ్ళి జరగబోతుండగా పెళ్ళికొడుకుని ఎత్తుకుపోతాడు. ఆ పెళ్ళి ఇష్టంలేని అన్నాంబిక హమ్మయ్య అనుకుంటుంది. ఇక పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. బాపిరాజు గారు చిత్రకారుడు కూడాను. కోటలూ, గుర్రాలూ, నగలూ కళ్ళకి కట్టేస్తాయి.

పేచీ గన్నారెడ్డి దగ్గరే మొదలు. దొంగ కాస్తా వీరుడైనట్టు కనిపిస్తాడు గానీ, అతను మొదటినుంచీ రుద్రమ పక్షమే. అతను మారలేదు, అతని సంగతి మనకి ఆలస్యంగా తెలిసింది, అంతే. మా అమ్మాయికి ఈ కథ చెబుతుంటే, "ఎప్పుడూ చెడ్డవాడు కానివాడు మంచివాడయ్యేదేముంది నాన్నా?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఒక్కసారైనా ఆశో, పగో అతన్ని పక్కదారి పట్టించి ఉంటే అతను నాకు ఇంకా దగ్గరయ్యేవాడు.

అన్నాంబిక అలా కాదు. పెద్దలు కుదిర్చిన పెళ్ళికి తలవంచిన పిల్ల, రుద్రమ నీడకు చేరి, కత్తి పట్టి, తన మనిషిని తనే ఎంచుకునేదాకా ఎదుగుతుంది. నా లెక్కలో నవల ఆమెదే.

మరి రుద్రమ? చాళుక్య వీరభద్రుడి మీద ప్రేమా, మగవేషం లోపలి ఆడమనసూ, ఇవి బాపిరాజు గారు ఎంతో మురిపెంగా రాశారు. రాణిగా ఆమె తప్పొప్పులు తేల్చుకున్న ఘట్టాలు మాత్రం నాకు చాలలేదు. పాపం, ఆయన్ని పూర్తిగా అనడానికీ లేదు. ఆయన 1952లో పోయారు. 1289 నాటి చందుపట్ల శాసనం సంగతి లోకానికి తెలిసింది ఆ తర్వాత. మనవడు ప్రతాపరుద్రుణ్ణి వారసుడిగా పెట్టుకున్న వయసులో కూడా, తిరగబడ్డ కాయస్థ అంబదేవుడి మీదికి తనే కదిలివెళ్ళి, సేనాని మల్లికార్జున నాయకుడితో పాటు ఆ పోరులోనే ఆమె కన్నుమూసిందని ఆ శాసనాన్ని బట్టి చరిత్రకారులంటారు. ఆ ముసలి రాణి ఏ నవల్లోనైనా ఉంటే ముందు నేను కొనుక్కుంటాను!

ఇక్కడ ఉండి చదివితే ఇంకో ముచ్చట. సూర్ నుంచి కారులో అరగంట వెళ్తే కల్హాత్ శిథిలాలు. 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరాయి. అరబ్బు గుర్రాలు మన దేశానికి ఓడలెక్కిన రేవుల్లో అదొకటి. మార్కోపోలో ఈ రేవు గురించీ రాశాడు, మన మోటుపల్లి గురించీ రాశాడు. మోటుపల్లిని ఏలే రాణి న్యాయం తప్పనిదని మెచ్చుకున్నాడు, కాకపోతే వరస తప్పి, కూతుర్ని కాస్తా రాజుగారి భార్యని చేశాడు. కల్హాత్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న కట్టడం బీబీ మరియం సమాధి. ఆవిడ కూడా దాదాపు ఆ కాలందే, భర్త పోయాక ఈ ఊరిని ఏలింది. సముద్రానికి ఆ ఒడ్డునొకరు, ఈ ఒడ్డునొకరు. పిల్లల్ని తీసుకెళ్ళి చూపిస్తే రుద్రమ కథ వాళ్ళకి ఎక్కడో జరిగినట్టుండదు.

సెలవులకి ఊరు వెళ్ళినప్పుడు పుస్తకం తెచ్చుకోండి. నోరి నరసింహశాస్త్రి గారి "రుద్రమదేవి" దొరికితే అదీ పక్కన పెట్టుకుని చదవండి. పిల్లలకి చదివి వినిపించేటప్పుడు వర్ణనలు కొన్ని దాటేసినా ఫరవాలేదు గానీ, అన్నాంబిక ఉన్న పేజీలు మాత్రం వదలకండి.