ఇంకా ఉంది



కథ వినేవాడు నోరు విప్పేది రెండు సందర్భాలలోనే. ఊఁ కొట్టడానికి ఒకసారి, “తరువాత ఏమయింది?” అని అడగడానికి మరొకసారి. ఈ రెండవ ప్రశ్నకు జవాబు వెంటనే దొరికితే చింత లేదు. దొరకక నెల రోజులు ఆగవలసి వచ్చినప్పుడు, ఆ నెల రోజులూ వినేవాళ్లే కథకులవుతారు. ఈ సాయంకాలం నేను మనవి చేయదలచినది ఆ నెల రోజులను గురించి.

నంద్యాలలో నాకొక మేనల్లుడు ఉన్నాడు. పందొమ్మిదేండ్ల వాడు, డిగ్రీ చదువుతున్నాడు. రెండేండ్ల క్రితం వాని తండ్రి, అనగా మా బావగారు, హఠాత్తుగా కాలం చేశారు. అప్పటి నుండి వాడు ఇంట్లో మాటలు తగ్గించాడు. అన్నం పెడితే తింటాడు, పని చెబితే చేస్తాడు, అంతే. అయితే రాత్రి తొమ్మిది దాటిన తరువాత ఆళ్లగడ్డలోని ఒక స్నేహితునితో ఫోనులో గంటల తరబడి వాదిస్తాడు. “ఇంట్లో లేని మాటలు అక్కడెట్లా వస్తున్నాయో కనుక్కొని, నాలుగు మంచి మాటలు చెప్పిపోరా” అని మా అక్కయ్య నన్ను పిలిపించింది.

కనుక్కొన్నాను. వాదమంతా ఒక జపాను బొమ్మల కథను గురించి. ఇటువంటి కథలను జపానీయులు మాంగా అంటారు. పుస్తకాన్ని కుడి నుండి ఎడమకు చదువుకోవాలి. ఈ కథ పేరు బెర్సెర్క్. కెంటారో మియురా అనే చిత్రకారుడు 1989లో దీనిని ప్రారంభించాడు. మనిషంత ఖడ్గాన్ని మోసే గట్స్ అనే యోధుడు ఇందులో నాయకుడు. అతని మిత్రుడు గ్రిఫిత్ తన ఆశయం కోసం తనను నమ్మిన సేననే పిశాచాలకు బలి ఇస్తాడు. ఆ బలి నుండి బ్రతికి బయటపడిన గట్స్ పగతో తిరుగుతూ ఉంటాడు. నేను పుటలు తిరగవేసి చూశాను. చీకటి, నెత్తురు, రాక్షసులు. “ఇదేమి చదువురా!” అని పైకే అన్నాను.

వాడు కోపగించుకోలేదు. “అది కాదు మామా. రాసినాయన సగంలో చచ్చిపోయినాడు. ఇప్పుడు ఆయన స్నేహితుడు చెప్పి గీయిస్తాండాడు. ఇది ఆ కథేనా, వేరే కథా? అదీ మా ఇద్దరికీ తగవు” అన్నాడు. రెండేండ్లలో నాతో వాడు ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

సంగతి ఇది. ఆ కథలో పున్నమి రాత్రులలో మాత్రమే కనిపించి మాయమయ్యే ఒక చిన్న బాలుడు ఉన్నాడు. వాడు నోరు విప్పడు. వాడెవరు? ఈ ప్రశ్న మీద దేశదేశాల పాఠకులు ఏండ్ల తరబడి తర్కించుకొన్నారు. ఇంతలో 2021 మే 6న, 54 ఏండ్ల వయస్సులో, మియురా మరణించాడు. ఆయన చేతి చివరి అధ్యాయం, 364వది, ఆ సెప్టెంబరులో అచ్చయినది. ఆ బాలుడు గ్రిఫిత్‌గా మారిపోయే ఘట్టం దగ్గర అది ఆగినది. ఒక చిక్కు విడిపోయిన చోటనే కర్త చేయి నిలిచిపోయినది.

మియురాకు పాఠశాల నాటి మిత్రుడు కౌజి మోరి కూడా చిత్రకారుడే. దాదాపు ముప్పై ఏండ్ల క్రితం మియురా తన కథను తుది వరకు ఆయనకు చెప్పి ఉన్నాడట. 2022 జూనులో మోరి పర్యవేక్షణలో, మియురా శిష్యుల చేతుల మీదుగా, కథ మళ్లీ సాగినది. మిత్రుడు తనకు చెప్పినంత మేరకే చెబుతానని, సొంతంగా ఏమీ కలపనని మోరి పాఠకులకు మాట ఇచ్చాడు. అయినను తగవు తీరలేదు. “చేయి మారితే కథ మారినట్లే” అని నంద్యాల వాదం. “మాట మారలేదు కదా” అని ఆళ్లగడ్డ వాదం.

ఇది వింటూ ఉండగా నాకు మా నాన్నగారు జ్ఞప్తికి వచ్చారు. ఆయన బాల్యం నంద్యాలలోనే గడిచినది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు మద్రాసులో ప్రారంభించిన “చందమామ” ఆ రోజులలో ఊరూరా వెలిగేది. ఒక్క ప్రతి పది ఇండ్లు తిరిగేదట. తోకచుక్క, మకరదేవత, రాకాసిలోయ, పాతాళదుర్గం—అన్నీ మాంత్రికులూ, భూతాలూ, అడవులూ, గుహలూ నిండిన కథలే. భాగం ముగిసే చోట, సరిగ్గా ప్రాణాపాయం దగ్గర, “ఇంకా ఉంది” అని ఉండేది. “ముగ్గురు మాంత్రికులు” కథలో పద్మపాదుడు పింగళునికి మేలు కోరి వెంట వచ్చాడా, పని తీరిన తరువాత విడిచిపోతాడా అని బడి నుండి ఇంటికి వచ్చే దారి పొడవునా వాదించుకొనేవారట. ఒకడు చిత్రా గారు గీసిన బొమ్మను చూపించి, “కండ్లు చూడండి, తెలియడం లేదా?” అనేవాడట. ఊహ తప్పినవాడు మరుసటి నెల అందరికీ వేరుసెనగకాయలు కొనిపెట్టాలి.

ఆ కథలను వ్రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గారి పేరు కథ మీద ఉండేది కాదు. 1952లో ఆ పత్రికలో చేరి 2006 వరకు పనిచేసిన ఆ పెద్దమనిషి తమ నెలలనన్నింటినీ ఏలుతున్నాడని ఆ పిల్లలకు తెలియదు. ఆయన 2010లో కన్నుమూశారు. తరువాత కొద్ది కాలానికే పత్రిక కూడా ఆగిపోయినది.

మా తరం చదువు నేర్చే నాటికి ఆ పాత ధారావాహికలనే చందమామ తిరిగి ప్రచురించినది. నాన్నగారికి కథ అంతా తెలుసు. నేనెంత బతిమాలినా చెప్పేవారు కారు. “ఏమవుతుందో నీవే చెప్పు” అనేవారు. నేను చెప్పినది తప్పయినా నవ్వేవారు కారు. “అట్లయినా బాగానే ఉంటుంది” అనేవారు.

మందలించడానికి వెళ్లినవాణ్ణి, మరునాడు మేనల్లునితో కలిసి ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను. నంద్యాల నుండి సుమారు 40 కిలోమీటర్లు. ఆ స్నేహితునిది శిల్పుల కుటుంబం. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక సూచిక గుర్తింపు ఉన్నదన్న సంగతి శ్రోతలలో చాలమందికి తెలిసినదే. రోడ్డు పక్కన పందిళ్ల క్రింద సగం చెక్కిన విగ్రహాలు నిలబడి ఉంటవి. భుజాలు తేలినవి, ముఖం ఇంకా రాయిలోనే ఉన్నది. దారిన పోయేవారు ఆగి, ఇది ఏ దేవుడని పందెం వేసుకొంటారు.

ఆ పిల్లవాని తాతగారు ఉలి పట్టుకొని కూర్చున్నారు. కుర్రవాళ్లిద్దరూ తమ తగవును ఆయన ముందు పెట్టారు. జపాను సంగతి ఆయనకు అక్కరలేకపోయినది. ప్రశ్న మాత్రం వెంటనే అర్థమయినది. “మా నాయన మొదలుపెట్టిన అమ్మవారిని నేను ముగించినా. ఆయన ఉలి యాడ ఆగిందో నాకు ఇప్పటికీ కనపడ్తాది. మీకు కనపడితే నా పనితనం తక్కువైనట్టు” అన్నారు.

“ఆయన ఎట్ల చేయాలనుకున్యాడో నీకెట్ల తెలిసింది తాతా?” అని మా మేనల్లుడు అడిగాడు.

“పక్కన కూచోని అడిగినా కదా నాయనా. చేయి ఎట్ల పెడతావు, చూపు యాడికి పెడతావు అని పొద్దంతా అడిగేవాణ్ణి. విసుక్కునేవాడు, చెప్పేవాడు. చెప్పనిది నేనే అనుకునేవాణ్ణి. సగం తప్పే అనుకున్యా. అయినా అనుకోకపోతే ఆ సగమూ దక్కేది కాదు.”

నాకు ఆ మాట మీదనే మనస్సు నిలిచినది. ఆళ్లగడ్డకు చేరువనే నల్లమల కొండలలో అహోబిలం ఉన్నది. ఆ నరసింహస్వామి మహిమను నృసింహపురాణంగా రచించినవాడు ఎఱ్ఱన. ఆ ఎఱ్ఱనయే నన్నయ విడిచిన అరణ్యపర్వాన్ని పూరించాడు. పదకొండవ శతాబ్దంలో నన్నయ శరద్రాత్రుల వర్ణన దగ్గర ఆగిపోయినాడు. పదమూడవ శతాబ్దంలో తిక్కన విరాటపర్వం నుండి అందుకొన్నాడు. నడుమ మిగిలిన కొరతను పదునాలుగవ శతాబ్దంలో ఎఱ్ఱన తీర్చాడు. నన్నయ శరద్రాత్రితో ఆపితే, తాను శరత్కాలపు ఉదయంతో మొదలుపెట్టాడు. అంతేకాదు, ఆ భాగాన్ని నన్నయకు ఆశ్రయమిచ్చిన రాజరాజనరేంద్రునికే అంకితం చేసి, తాను వెనుకకు తప్పుకొన్నాడు. మోరి తన మిత్రుని పేరును ముందు నిలిపి చేస్తున్నదీ ఇదే.

అయితే మోరికి తన మిత్రుడు చెప్పి ఉన్నాడు. శిల్పికి తండ్రి పక్కన ఉన్నాడు. ఎఱ్ఱనకు నన్నయ పద్యం తప్ప మరేదీ లేదు. ఆయన ఆ పద్యాలను చదివి చదివి, ఈయన అయితే తరువాత ఏమి చెప్పి ఉండును అని ఊహించవలసి వచ్చినది. బడి దారిలో పిల్లలు వేరుసెనగకాయల పందెం వేసి చేసిన పనీ, ఈ కుర్రవాళ్లు ఫోనులో చేస్తున్న పనీ తత్త్వంలో అదే. ఊహ నిజం కావడం, కాకపోవడం దానికి ముఖ్యం కాదు. ఊహించాలంటే కర్తను అతి శ్రద్ధగా వినాలి. అట్లా విన్నవానికే, కర్త లేనినాడు, కథ కొంతైనా చేతిలో మిగులుతుంది. మేనల్లుని వాదంలోనూ నిజం లేకపోలేదు. చేయి మారిన చోటు ప్రేమించినవానికి కనిపించే తీరుతుంది. శిల్పిగారికి కనిపిస్తూనే ఉన్నది. అంతమాత్రాన విగ్రహాన్ని సగంలో విడువలేదు.

తిరుగు బస్సులో మేనల్లుడు కిటికీ పక్కన కూర్చుండి చాలసేపు మాట్లాడలేదు. తరువాత ఉన్నట్లుండి అడిగాడు: “మామా, మా నాయన మిద్దె మీద గది ఎవరి కోసం మొదలుపెట్టినాడు?”

నంద్యాలలో వారి ఇంటి మీద నాలుగు గోడలు నడుమెత్తు లేచి ఆగిపోయి ఉన్నవి. బావగారు పోయిన తరువాత ఆ మాట ఎవరూ ఎత్తలేదు. ఒకనాడు ఆయన నాతో అన్న మాటలు రెండు నాకు గుర్తున్నవి. తూర్పు వైపు పెద్ద కిటికీ పెట్టిస్తానన్నారు. మహానంది వైపు కొండలు కనిపించాలన్నారు. అది చెప్పాను. ఎవరి కోసమో నాకు తెలియదు. తెలిసినట్లు కల్పించి చెప్పలేదు. “నీవేమనుకొంటున్నావు?” అని అడిగాను.

వాడు చెప్పడం మొదలుపెట్టాడు. నేను ఊఁ కొట్టాను. సిరివెళ్ల ఎప్పుడు దాటినదో ఇద్దరమూ గమనించలేదు.

శ్రోతలకు నా విన్నపం ఒక్కటే. పిల్లలు చదివే కథ మనకు నచ్చకపోవచ్చును. వారి ఊహలు కాలహరణంగా తోచవచ్చును. కాని “తరువాత ఏమవుతుంది?” అని తలకిందులవుతున్న పిల్లవానిని ఒక్కసారి “నీవే చెప్పు” అని అడిగి చూడండి. అట్లే, ఇంట్లో కథలు తెలిసిన పెద్దలు ఉంటే, వారు ఉన్నప్పుడే, పక్కన కూర్చుండి అడిగి ఉంచుకొనండి. విసుక్కొంటారు, చెబుతారు.

మా అక్కయ్య మొన్న తూర్పు కిటికీకి కొలతలు తీయించినదట. ఆ కొలతలు చెప్పినవాడు మేనల్లుడే. ఇక ఆ జపాను కథలో కొత్త అధ్యాయం ఇంకా రాలేదు. వచ్చిందా అని ఈ మధ్య నేనే అడుగుతున్నాను.

సెలవు.