పాత అట్ట, కొత్త పేరు
(మేడ్చల్, శామీర్‌పేట సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మొన్న మా మనవరాలు ఓ బొమ్మ చూపించింది. చూస్తే పెంగ్విన్ పుస్తకం అట్ట, కాని అది పెద్ద తైలవర్ణ చిత్రం. గీసినాయన హార్లండ్ మిల్లర్, 1964లో ఇంగ్లండులోని యార్క్‌లో పుట్టారు. పాత అట్ట నమూనా అలాగే ఉంచి, పుస్తకం పేరు మాత్రం తానే కల్పించి, కాస్త వెటకారంగా రాస్తారు. 1935లో ఆరు పెన్నీలకు మొదలైన ఆ పుస్తకాల్లో నవలకు నారింజ రంగు, నేరకథకు ఆకుపచ్చ. దూరం నుంచే పోల్చుకోవచ్చు.

మనకు అలాంటి గుర్తు బాపుగారి గీత. సంతకం వెతకనక్కర్లేదు. ఆయన 2014లో వెళ్ళిపోయినా, ఆ చేతిరాత ఫాంటుగా మారి శుభలేఖల మీద కనిపిస్తూనే ఉంది. అదీ ఒకరకంగా పాతకు కొత్త రూపమే.

ఇక నా తప్పు చెప్పుకోవాలి. సర్వీసులో ఉండగా ఇంట్లో నవలలన్నీ బైండింగుకిచ్చాను. అట్టలు పీకేసి, అంచులు కోసి, క్యాలికో వేసి తెచ్చారు. పుస్తకాలు గట్టిపడ్డాయి, బొమ్మలు పోయాయి. మా ఆవిడ వారం రోజులు మాట్లాడలేదు. అవి ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నవి. ఇప్పుడు మనవరాలు "తాతయ్యా, మన అట్టలేవీ?" అంటే నా దగ్గర జవాబు లేదు.

పాత ఇల్లు వదిలి అపార్టుమెంటుకు మారేవారు పుస్తకాలు తూకానికి వేసే ముందు, వచ్చే సమావేశానికి ఓసారి తీసుకురండి. చిరిగినవైనా ఫర్వాలేదు. మనవరాలు ఫోటోలు తీసి, పుస్తకాలు మీకే ఇచ్చేస్తానంది.