తేమ మిషన్ ఎవరి చేతిలో ఉండాలె?
(మండల సమాఖ్య మహాజన సభలో ఒక గ్రామ సంఘం అధ్యక్షురాలి ప్రసంగం)



మా సంఘం వడ్ల కొనుగోలు కేంద్రం గురించి మాట్లాడమన్నరు. ఎన్ని బస్తాలు కొన్నం, ఎంత కమీషన్ వచ్చింది అన్నది నివేదికల రాసే ఉన్నది. నేను తిరిగొచ్చిన లారీ సంగతి చెప్త.

మొదటి సీజన్ల మాకు భయం. అందుకే ప్రతి కుప్ప రెండుసార్లు చూసినం. 17 శాతం తేమ దాటితే ఎంత బతిమాలినా కాంటా పెట్టలేదు. ఆ సీజన్ మంచిగ గడిచింది, అందరు మెచ్చుకున్నరు. రెండో సీజన్ వచ్చేసరికి "మాకు తెల్వదా" అన్న ధీమా వచ్చింది. అందరికంటె ఎక్కువ నాకే వచ్చింది, దాచుకునేది ఏమున్నది!

మీటింగుల పనులు పంచుకుందామంటే "అందరం కలిసి చూసుకుందాం" అన్న. తీర్మానం పుస్తకంల కూడ అట్లనే రాసినం. వినటానికి బాగుంటది ఆ మాట. అందరి పని అంటే ఎవరి పనీ కాదని తర్వాత తెలిసింది.

యాసంగిల ఒకరోజు సాయంత్రం కుప్పలు చూస్తే తేమ 16 వచ్చింది. రాత్రి చెడగొట్టు వాన. టార్పాలిన్లు కప్పినం గాని కుప్పల అడుగున నీళ్లు పోయినయి. పొద్దున మా సభ్యురాలు ఒకామె వడ్లల్ల చెయ్యి పెట్టి "అక్కా, సల్లగ తగులుతున్నయి, ఇంకోసారి మిషన్ పెడదామా" అని అడిగింది. అప్పటికే లారీ వచ్చి నిలబడ్డది. "నిన్ననే చూసినం గదా, ఏం కాదు, కాంటా పెట్టుండ్రి" అన్న. అధ్యక్షురాలు అన్నంక ఇంకెవరు మాట్లాడుతరు? ఆమె చెయ్యి తుడుచుకొని బస్తాలు కుట్టేకాడికి పోయింది. కార్యదర్శి నేను చూసిన అనుకున్నది. నేను కోశాధికారి చూసింది అనుకున్న. మిషన్ బీరువాలనే ఉన్నది.

450 బస్తాలు పోయినయి. మిల్లుల చూస్తే తేమ 20 దాకా ఉన్నది. దించుకోమన్నరు. రెండు రోజులు లారీ అక్కడ్నే ఉండి వెనక్కి వచ్చింది. దించుడు, ఆరబోసుడు, మళ్ల ఎత్తుడు. హమాలీ ఖర్చు రెండింతలు, అదంత మా కమీషన్ల నుంచే పోయింది.

పైసలు పోతే పోయినయి. ఆ బస్తాలల్ల 150 మా సంఘం చెల్లెవే. మూడెకరాలు కౌలుకు చేసింది. మిల్లు దించుకుంటెనే గదా ఖాతాల పైసలు పడేది. అవి ఆలస్యమయి ఆమె ఆ నెల బ్యాంకు లింకేజీ కిస్తీ కట్టలేకపోయింది. మీటింగుల జరిమానా రాసింది మేమే! తప్పు మాది, జరిమానా ఆమెకు. ఆమె ఒక్క మాట అనకుంట కట్టింది. నెల రోజులైనంక నాకు సోయి వచ్చింది. జరిమానా వాపసు ఇచ్చినం, తీర్మానంల ఎందుకు ఇస్తున్నమో కూడ రాసినం. నా పేరు మీద రాయమన్న.

ఇప్పుడు సీజన్ మొదలు కాకముందే ఒక కాగితం రాస్తున్నం. తేమ చూసేది ఒక్కరే, ఆమె రాకుంటె బదులు ఎవరో కూడ రాస్తం. వడ్లల్ల చెయ్యి పెట్టిన ఆ సభ్యురాలికే మిషన్ ఇచ్చినం. లారీకి ఎత్తే ముందు ఆమె మళ్ల చూసి, ఎంత వచ్చిందో, ఏ టైముకు చూసిందో రాసి సంతకం పెట్టాలె. ఆమె వద్దంటె లారీ కదలదు. నేను చెప్పినా కదలదు. టార్పాలిన్ల లెక్క ఒకరిది, గన్నీ బస్తాల లెక్క ఇంకొకరిది, ట్రక్ షీటు విఓఏది.

ఇంకొకటి మార్చుకున్నం. ఏ సంగతైన తేల్చేటప్పుడు నేను ఆఖరుకు మాట్లాడుత. మొన్న ఈసారి ఎన్ని గన్నీ బస్తాలు అడుగుదామంటె, ఒక్కొక్కరు తమ అంచనా చీటీ మీద రాసినరు. రాయరాని వాళ్లు విఓఏ చెవుల చెప్పినరు. అన్నిటికంటె పెద్ద లెక్క నాదే! అందరు నవ్వినరు, నేను కూడ నవ్విన. చీటీలన్ని ముందు పెట్టుకొని, ఎవరు ఎందుకు అట్ల రాసినరో అడిగి తేల్చినం. గంట ఎక్కువ పట్టింది. సీజన్ల అంత టైము ఎక్కడిదని కొందరు గొణిగినరు, వాళ్ల మాట కూడ అబద్ధం కాదు. అందుకే చిన్న చిన్న వాటికి ఇట్ల చేస్తలేము.

మొన్న సీజన్ల మా మిషన్ చెల్లె రెండు లారీలు ఆపింది. ఒకటి మా బావగారి వడ్లు. ఇంట్ల నాకు వారం రోజులు మాటలు పడ్డయి.

ఆ కాగితం నకలు తెచ్చిన, మా విఓఏ దగ్గర ఉన్నది. కావలసినోళ్లు భోజనాలప్పుడు రాసుకొని పోండ్రి. సెలవు.