మలక్‌పేట ఇంటి నుంచి వర్జీనియా సెనేట్‌కి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పినవాణ్ణి కనుక, అమెరికా రాజకీయాల మీద ఏదైనా మాట్లాడమన్నారు నిర్వాహకులు. మన బ్యాచ్‌ల పిల్లలు చాలామంది అక్కడే ఉన్నారు కాబట్టి ఆ కోరిక సహజమే. అయితే నేను వైట్‌హౌస్ జోలికి పోను. మన మూసారాంబాగ్ నుంచి మెట్రోలో రెండు స్టేషన్లు దాటితే వచ్చే మలక్‌పేట నుంచి మొదలుపెడతాను.

మొన్న 2025 నవంబరులో మీ అందరి వాట్సాప్‌కూ ఒక వార్త వచ్చే ఉంటుంది. గజాలా హష్మీ వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచారని. ఆమె 1964లో హైదరాబాదులో పుట్టారు. పసితనం మలక్‌పేటలో అమ్మమ్మగారింట్లో గడిచింది. తాతగారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగి. తల్లి కోఠీ ఉమెన్స్ కాలేజీలో చదివారు. నాలుగేళ్ల వయసులో తల్లితో, అన్నతో జార్జియా రాష్ట్రానికి, తండ్రి దగ్గరికి వెళ్లిపోయారు. ఆయన అక్కడ విశ్వవిద్యాలయంలో చేరారు.

"మన మలక్‌పేట అమ్మాయి" అని మనవాళ్లు మురిసిపోయారు. మురిసిపోండి, తప్పేం లేదు. కానీ నాలుగేళ్ల పిల్ల ఇక్కణ్ణుంచి ఏం పట్టుకెళ్లి ఉంటుంది? ఆమెను తయారుచేసింది మనం కాదు. అయినా ఈ సభలో ఆమె గురించి ఎందుకు చెబుతున్నానంటే, ఆమె మన గురువుల జాతి మనిషి కాబట్టి.

ఎమరీ విశ్వవిద్యాలయంలో అమెరికన్ సాహిత్యంలో డాక్టరేటు చేసి, 1991లో భర్తతో రిచ్‌మండ్ ప్రాంతానికి వచ్చారు. దాదాపు ముప్పై ఏళ్లు బోధన, ఎక్కువ భాగం రెనాల్డ్స్ కమ్యూనిటీ కాలేజీలో. కమ్యూనిటీ కాలేజీ అంటే మన పిల్లలు ఎమ్మెస్‌కు వెళ్లే పెద్ద యూనివర్సిటీ కాదు. తక్కువ ఫీజుతో రెండేళ్ల చదువు. పగలు పనిచేసుకుని వచ్చేవాళ్లు, పిల్లల తల్లులు, మధ్యలో చదువాపి మళ్లీ మొదలుపెట్టినవాళ్లు కూర్చునే క్లాసులు. ఆ కాలేజీలో అధ్యాపకులకు బోధన మెరుగుపరచుకునే కేంద్రాన్ని మొదట నడిపింది ఆమే. అంత పని చేసినా బయట ఎవరికీ పేరు తెలియదు. ఇక్కడ కూర్చున్న మా మాస్టర్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

2017 జనవరిలో ఏడు ముస్లిం దేశాల వారి రాకపై ట్రంప్ నిషేధం పెట్టారు. దాదాపు యాభై ఏళ్లుగా ఆ దేశంలో ఉంటున్న మనిషికి, ఇది ఇంకా నా ఇల్లేనా అన్న సందేహం కలిగింది. రాజకీయాల్లోకి రావడానికి అదే కారణమని ఆమె చెప్పుకున్నారు. అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులకు ఈ ప్రశ్న ఈమధ్య ఎంత దగ్గరగా వచ్చిందో నేను చెప్పక్కర్లేదు. వీసా కాగితాలు చూసుకుంటూ కూర్చునే రాత్రులు మన కాలనీల్లోనూ ఉన్నాయి.

2019లో, యాభై అయిదేళ్ల వయసులో, మొట్టమొదటిసారి ఎన్నికకు నిలబడ్డారు. అదీ పార్లమెంటుకు కాదు, రాష్ట్ర సెనేట్‌కు, రిపబ్లికన్ల చేతిలో ఉన్న స్థానానికి. గెలిచారు. నలభై మంది ఉన్న ఆ సభలో ఆమె పార్టీకి 21, అవతలివారికి 19 వచ్చాయి. అంటే ఆ పంతులమ్మ సీటు సభనే అటునుంచి ఇటు తిప్పిన సీట్లలో ఒకటి. ఆ సెనేట్‌లోకి వెళ్లిన మొదటి ముస్లిం మహిళ ఆమే.

రాష్ట్ర సెనేట్ అంటే చిన్నచూపు చూడకండి. అమెరికాలో బడులకు డబ్బు, టీచర్ల జీతాలు, ఆసుపత్రుల నిబంధనలు చాలావరకు అక్కడే తేలతాయి. 2024లో ఆమె విద్య, ఆరోగ్య కమిటీకి అధ్యక్షురాలయ్యారు. గర్భనిరోధక సాధనాలు పొందే హక్కుకు రక్షణ కల్పించే బిల్లు తెచ్చారు. సభలు ఆమోదించాయి, గవర్నర్ యంగ్‌కిన్ వీటో చేశారు. మరుసటేడు మళ్లీ తెచ్చారు, మళ్లీ వీటో. గెలుపుల కంటే నాకు ఈ రెండోసారి తేవడమే నచ్చింది. తప్పిన కుర్రాణ్ణి మార్చిలో మళ్లీ పరీక్షకు కూర్చోబెట్టే టీచరు లక్షణం అది.

2025 జూన్‌లో సొంత పార్టీలోనే ఆరుగురి పోటీ. రిచ్‌మండ్ మాజీ మేయర్ స్టోనీని అతి స్వల్ప తేడాతో దాటారు. నవంబరులో రిపబ్లికన్ అభ్యర్థి, రేడియో వ్యాఖ్యాత జాన్ రీడ్ మీద గెలిచి, అమెరికాలో రాష్ట్రవ్యాప్త పదవికి ఎన్నికైన మొదటి ముస్లిం మహిళ అయ్యారు.

ఇంకొక మాట. మేరీల్యాండ్‌లో 2023 జనవరిలో ఇదే పదవి చేపట్టిన అరుణా మిల్లర్ మన కాట్రగడ్డ వారి అమ్మాయి. ఆమె పుట్టిందీ 1964లోనే, హైదరాబాదులోనే. ఆమెదీ చిన్న ఉద్యోగాల దారే: మాంట్‌గొమరీ కౌంటీ రవాణా శాఖలో సివిల్ ఇంజనీరుగా పాతికేళ్లు, తర్వాత రాష్ట్ర శాసనసభ. 2018లో అమెరికా కాంగ్రెస్‌కు పోటీ చేసి ప్రైమరీలోనే ఓడారు. ఓడినచోట ఆగలేదు. ప్రమాణం భగవద్గీత మీద చేశారు. ఒకే ఊళ్లో ఒకే ఏడు పుట్టినవాళ్లు పక్కపక్క రాష్ట్రాల్లో ఒకే పదవిలో ఉండటం ఒక వింత.

దీనికి ఆశ్చర్యపోనక్కర్లేదనేది నా అభిప్రాయం. మన పేట పేరే చూడండి. నిజాం కొలువుకు వచ్చి 1798లో ఇక్కడే కన్నుమూసిన ఫ్రెంచి సైనికాధికారి రేమండ్ పేరు. కొందరు ఆయన్ని మూసా రహీం అన్నారు, కొందరు మూసా రాం అన్నారు. ఎక్కణ్ణుంచో వచ్చినవాణ్ణి పేరు మార్చి మరీ మనవాణ్ణి చేసుకున్న పేట ఇది.

చివరిగా, లెఫ్టినెంట్ గవర్నర్ అనగానే ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తొస్తాయి. అది వేరు. అక్కడ నియామకం, ఇక్కడ జనం ఓటు. వర్జీనియాలో ఆ పదవిలో ఉన్నవారు సెనేట్‌కు అధ్యక్షత వహిస్తారు, మన శాసనమండలి ఛైర్మన్‌లాగా. మామూలు రోజుల్లో ఓటుండదు. సభ ఇరవై, ఇరవైగా చీలినప్పుడు మాత్రం ఓటు ఆ కుర్చీది. క్లాసులో అల్లరి సర్దడం అలవాటైన మనిషికి ఆ కుర్చీ కొత్తగా ఉండదనుకుంటాను. నా సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. సెలవు.