మిగిలిన గడియ

(శంషాబాదు పఠనమందిరమున చేసిన యుపన్యాసము)



కాలమును సద్వినియోగము చేయుట యననేమి యని మీరు మమ్మడిగితిరి. ఈ ప్రశ్నకు శంషాబాదుకంటె తగిన తావు లేదు. 2008 మార్చిలో నిచ్చట విమానాశ్రయము తెరువబడెను. అందులకు 5,000 ఎకరములకు మించిన భూమి పట్టెను. మఱుసటి యేట మెహదీపట్టణమునుండి ఆరాంఘరువరకు 11 కిలోమీటర్లకు పైబడిన వంతెనబాట వెలసెను. ఇంతయు నెందులకు? ప్రయాణికునకు కొన్ని గడియలు మిగుల్చుటకు. మిగిలిన గడియ యేమయ్యెనని మాత్ర మెవ్వరును లెక్క యడుగరు. ధనమైన పాతరవేయవచ్చును. కాలమును దాచుకొనుట యెవ్వరికిని వశము గాదు.

మావలె న్యాయశాస్త్రము చదివిన యొకరిని తలంతుము. సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాసిరి. ఆ మాటపై వాదమునకు దిగినచో నెలదినములు రసవత్తరముగ గడచిపోయెడివి. పిమ్మట మిగులున దేమియు లేకుండెడిది. వారు కవుల పద్యములను సేకరింప బూనిరి. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వెలువడెను. కలహమునకు పోవలసిన కాలము గ్రంథమైనది.

కావున మేము పెట్టుకొన్న గీటురా యొక్కటే: మనము లేచిపోయిన పిమ్మట ఆ గడియ యింకొకరికి పనికివచ్చునా? విశ్రాంతి దోషమనుట లేదు. అలసినవాని నిద్ర మఱునాటి పనికి పెట్టుబడియే.

ఇచ్చట నొక యాక్షేపణ గలదు. విమానాశ్రయము దాపున కిరాయికొఱకు రాత్రియెల్ల బండిలో కాచుకొను సోదరుడు, “అయ్యా, నా కాలము నాది కానపుడు దానినేమి సద్వినియోగము చేయుదును?” అని యడుగవచ్చును. అది న్యాయమైన ప్రశ్న. అతనికి నీతిబోధ చేయుట మనకు తగదు. తన కాలముపై తనకు స్వాతంత్ర్యము గలవానిదే తొలి బాధ్యత. అతని యర్జీ వ్రాసిపెట్టుట, బండియప్పు కాగితమును చదివి యర్థము చెప్పుట, అతని బిడ్డకు లెక్కలు నేర్పుట - ఇవి మన గడియలతో కాదగిన పనులు.

ప్రతి యాదివారము సాయంకాలము రెండు గంటలు మేము కొందఱు వకీళ్లము ఈ బల్లయొద్ద కూర్చుందుము. రుసుము లేదు. లెక్కలును ఇంగ్లీషును వచ్చినవారు ప్రక్కబల్లకు రండు. ఎవరెవరు వత్తురో ఇప్పుడే పేరు వ్రాయించిన మేలు.