మధుమేహము - అస్థిభగ్నము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన యిండ్లలో నానాటికి పెరుగుచున్న యొక కష్టమును గూర్చి విన్నవించెదను. మధుమేహము గలవారు జారిపడి యెముక విరిగినచో నది త్వరగా నతుకదు. అంతట మనము కట్టు కట్టినవానిని నిందించి, రోగిని పుత్తూరునకొకసారి, పట్టణపు ఆసుపత్రికొకసారి త్రిప్పుదుము. దోషము కట్టునందు గాక రక్తమునందుండుట కలదు.

సుశ్రుతాచార్యుడు కాండభగ్నములను 12 విధములుగను, సంధిముక్తములను 6 విధములుగను విభజించి, మేడి, రావి, మోదుగు మొదలగు చెట్ల పట్టలతో కట్టుట తెలిపెను. అంతటితో విడువక, చాలినంత తినని వానికిని, నిగ్రహము లేని వానికిని భగ్నము కష్టసాధ్యమని హెచ్చరించెను.

నేటి వైద్యశాస్త్రము మధుమేహవిషయమున కారణము చూపుచున్నది. విరిగినచోట మొదట రక్తము గడ్డకట్టును. పిదప మృదులాస్థి యేర్పడి, క్రమముగా సున్నము చేరి గట్టిపడును. రక్తమున చక్కెర చిరకాలము మిక్కుటమైనచో సూక్ష్మనాళములు చెడును, అస్థినిర్మాణకణములు మందగించును, గాయము చీముపట్టు భయము హెచ్చును. పాదములు స్పర్శ గోల్పోయినవారు ఎముక విరిగినను నొప్పి యెరుగక నడచుచుందురు. కావున వాచి వేడెక్కిన పాదమును ఉపేక్షింపరాదు.

ఇక మన యాచారమును జూడుడు. పరామర్శకు బోవు బంధువు సున్నుండలో, అరిసెలో కొనిపోవును, తినకున్న నలుగును. ప్రేమయే యపథ్యమగుచున్నది. మరికొందరు భయపడి రోగికి గంజి మాత్రమే పోయుదురు. మాంసకృత్తులు లేక యెముక యెట్లు పెరుగును? వైద్యుడు వలదన్న దప్ప పప్పు, పెరుగు, తినువారికి గ్రుడ్లు ఉండవలయును. టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు అనువారు 1921లో ఇన్సులినును కనుగొనిరి. 1922 జనవరిలో మొదటి రోగికిచ్చిరి. నూరేండ్లు దాటినను మనవారు సూదికి వెరచుట శోచనీయము.

కావున మూడు మనవులు. పరామర్శకు పోవువారు మిఠాయి మానుడు. రోగిని పరీక్షకు గొనిపోవుటకు తోడుపడుడు. ఎముక విరిగిన దినముననే మధుమేహమున్నదని వైద్యునికి దెలిపి, మూడు మాసముల సగటు చక్కెరను దెలుపు పరీక్ష చేయింపుడు. పోషకులు ప్రతి శాఖకు నొక గ్లూకోమీటరును, పేదలకు ఇన్సులిను వెలను సమకూర్పుడు.

వీనిని తీర్మానముగా స్వీకరింపుడని ప్రార్థించుచున్నాను.